తొట్టిలో ఆల్చిప్పలు

మొన్న ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోనే, సిద్ధగోరా పేటలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మూడో తరగతి చదివే మనవరాలు పుస్తకంలో బొమ్మ చూపించి, ఆల్చిప్పలు నదిలో నీళ్ళు శుభ్రం చేస్తాయట, నీకు తెలుసా అని హిందీలో అడిగింది. తెలుసే తల్లీ అన్నాను గానీ, ఎలా తెలుసో చెప్పడానికి నోరు రాలేదు. మీరైతే నా ఈడువాళ్ళు, మీకు చెప్పుకోవచ్చు.

డెబ్భైల్లో కద్మాలోని మా తెలుగు బడిలో ఒక పంతులమ్మగారు ఉండేవారు. పాఠం చెప్పడంలో ఆవిడకి సాటి లేదు, కాదంటే కళ్ళు పోతాయి. ఓ వేసవి పొద్దున ఖర్కాయి ఏటి నుంచి బతికున్న ఆల్చిప్పలు తెప్పించి, బురదనీళ్ళు పోసిన గాజుతొట్టిలో వేసి, ఇవి నీళ్ళు పీల్చి, మురికి తిని, తేటనీళ్ళు వదులుతాయి, ఇవి లేకపోతే చేపకీ కొంగకీ చివరికి మనకీ ఏరు ఉండదు అని ఆవిడ చెప్పారు. బడి వదిలేవేళకి తొట్టి తేరుకుని అవతలి గోడ కనిపించింది. నాకు ఒళ్ళు పులకరించిపోయింది. వీటిని మీలో ఎవరైనా ఇంట్లో చూశారా అని ఆవిడ అడగడమే తరువాయి, మా అమ్మ ఏట్లో దిగి కాళ్ళతో తడిమి ఏరుకొస్తుందనీ, చిప్పల కూర వండితే ఠేకా కూలిపని నుంచి వచ్చిన మా నాన్న లొట్టలేసుకుంటూ తింటాడనీ గొప్పగా చెప్పేశాను.

మర్నాటి నుంచి పంతులమ్మగారు నన్ను బడిలో మంచినీళ్ళ కుండ ముట్టుకోవద్దన్నారు. దాహమేస్తే వీధి కుళాయికి పొమ్మన్నారు, ఆ ఎండల్లో దానికి నీళ్ళు పొద్దునా సాయంత్రమే.

మా అమ్మ ఉత్త అమాయకురాలు. పెద్ద చిప్పలు ఏరి, రాతి మీద వీపు అరగదీసి బెజ్జం చేసి, మాగాయకి మామిడికాయల చెక్కు తీసుకునేలా తయారుచేసి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యి పట్టుకెళ్ళి ఇచ్చీయే. ఆయమ్మ మనసు మెత్తబడతాది."

పంతులమ్మగారు వాటిని బల్లమీద పెట్టించి, పసుపునీళ్ళు చల్లి, సంచిలో వేసుకున్నారు. కుండ సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం నాలుక పిడచకట్టుకుపోయి, ఆవిడే తేటనీళ్ళన్నారు కదా అని, తొట్టిలోంచి దోసిలితో తాగాను. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వారు.

"చూశారా పిల్లలూ, తొట్టిలో ఇంకో చిప్ప చేరింది."

ఆ బడిలో చదివినన్నాళ్ళూ నా పేరు చిప్పే. అంత చక్కటి పాఠం చెప్పిన నోటికి ఆ మాట ఎలా వచ్చిందా అని ఇవాళ్టికీ నా కడుపు మండుతుంది.

ఇప్పుడు మా వైపు ఏట్లో ఆల్చిప్పలు కనబడవు. బళ్ళో ఎవరి సీసా వాళ్ళది, నా మనవరాలికి దాహంతో శిక్ష వేసేవాళ్ళు లేరు, అందుకు సంతోషమే. సాక్చిలో ఏ పెళ్ళిలోనో ఆనాటి స్నేహితురాళ్ళు కలిస్తే మాత్రం, ఈ సీసాల్లో ఏముందే, మన బడి కుండలో నీళ్ళ చల్లదనం మళ్ళీ ఎక్కడా దొరకలేదు కదా అని మురిసిపోతారు. నేనూ అవునే అంటాను.