వెనక్కి వచ్చిన కరెంటు

లైన్‌మన్ సెబాస్టియన్ తీగను ఎప్పుడూ నమ్మడు. సరఫరా ఆపించినా సరే, టెస్టర్ తగిలించి చూశాకే చెయ్యి వేస్తాడు. ఎండకు కమిలిన మెడ, చిరిగిన గ్లౌజులు. కొత్తవి ఇవ్వమని ఏడాదిగా అడుగుతూనే ఉన్నాడు. మొన్న మధ్యాహ్నం గాలివానకు ఫిల్మ్‌నగర్ బస్తీలో తీగ తెగింది. సరఫరా ఆపించి స్తంభమెక్కి చూస్తే టెస్టర్ వెలిగింది. పక్క వీధిలో ఒక నిర్మాత బంగళా జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి లైన్లోకి వస్తోంది. రెండేళ్ల క్రితం తోటి లైన్‌మన్ యాదగిరిని చంపింది ఇలాంటి కరెంటే.

సెబాస్టియన్ దిగి బంగళాకు వెళ్లాడు. “జనరేటర్ ఆపండి, మనిషి చచ్చిపోతాడు” అన్నాడు. “సార్ కథ వింటున్నరు. ఏసీ బంద్ చెయ్యొద్దన్నరు. జర ఆగు” అన్నాడు మేనేజర్. సెబాస్టియన్ అతన్ని పక్కకు తోసి వెళ్లి జనరేటర్ ఆపేశాడు. తెగిన తీగ అతికించి బస్తీకి కరెంటిచ్చాడు, బంగళాకు వెళ్లే తీగ మాత్రం విప్పేశాడు. పది నిమిషాల్లో ఇంజనీరు ఫోన్ చేశాడు. “పెద్దవాళ్లయ్యా, ముందు కలుపు. రూల్స్ తర్వాత చూద్దాం.” సెబాస్టియన్ ఒప్పుకోలేదు. “జనరేటర్ కరెంటు లైన్లోకి రాకుండా స్విచ్ పెట్టుకోవాలని రూలుంది కదండీ. యాదగిరి శవాన్ని దించిన రోజు కూడా తర్వాత చూద్దామనే అన్నారు. నేను కలపను” అని ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం వేరేవాళ్లొచ్చి కలిపారు. మర్నాడు సస్పెన్షన్ కాగితం వచ్చింది. కారణం, విధుల్లో నిర్లక్ష్యం. అందినట్టు సంతకం చేసి, దాని కింద సెబాస్టియన్ పెద్ద అక్షరాలతో రాశాడు: “స్విచ్ ఇంకా పెట్టలేదు.”