జమీలా ఆపా నొక్కిన మీట

టీ మీద మీగడ కట్టేసింది. ఖమ్మంలో మా ఆఫీసు కంప్యూటరుకు పొద్దున్నే అప్‌డేట్ పెట్టి, అది అయ్యేలోపు తాగుదామని తెచ్చుకున్న టీ. అప్‌డేట్ సగంలో ఆగి ఎప్పటి పాటే అందుకుంది: ఈ ప్యాకేజీకి ఫలానా లైబ్రరీ కొత్తది కావాలి, ఆ ప్యాకేజీకి అదే లైబ్రరీ పాతది కావాలి, రెండూ కలిసి ఉండవు. లినక్స్‌తో కాపురం చేసేవాళ్లకు ఈ గోల కొత్త కాదు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, నాలుగు ప్రోగ్రాములు కలిసి వాడుకునే సరుకు; ఒక ఇంట్లో ఒకరు కారం లేనిదే తినరు, ఇంకొకరు కారం ముట్టరు, కూర గిన్నె మాత్రం ఒక్కటే. చల్లారిన టీ ఒక గుక్క తాగగానే ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడల్లా నాకు జమీలా ఆపా, అంటే జమీలక్క, గుర్తొస్తుంది.

భద్రాచలంలో ఆపాకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. వాళ్లది గడియారాలు రిపేరు చేసిన కుటుంబం. గడియారాలకు గిరాకీ పోయాక ఆపా కంప్యూటర్లు పట్టుకుంది. ఇల్లందు నుంచి డిగ్రీ కాగితంతో వచ్చిన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. మా నాన్న బొగ్గుబాయి పని మానేసి ఊపిరి అందక మంచం పట్టాక ఇల్లు నా జీతం మీదే నడిచేది. ఆ సంగతి ఆపాకు తెలుసు. తెలిసీ ఒక్క రోజు మెత్తగా మాట్లాడిన పాపాన పోలేదు.

ఆమె పద్ధతి ఒకటి ఉండేది. తెర మీద ఏం వచ్చినా పైకి చదవాలి. మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, తెలుగులో చెప్పాలి. అప్పటిదాకా చెయ్యి కీబోర్డు మీద పడకూడదు.

"ఎర్రర్ వచ్చింది ఆపా."

"అది నాకు కనబడ్తలేదా? ఏం రాసింది? పూరా చదువు."

కస్టమర్లు నవ్వుతుంటే బడిపిల్లలా నిలబడి చదివేదాన్ని. "ఇది ఎక్కాలంటే అది తీసేయాలంటున్నది ఆపా."

"తీసేస్తే ఎవరు ఏడుస్తరు?"

ఆ తీసేసేదాని మీద ఏయే ప్రోగ్రాములు ఆధారపడి ఉన్నాయో వెతికి చెప్పాలన్నమాట. అయిదు నిమిషాల పనికి పూటంతా పట్టేది. రెండేళ్లు నన్ను కాల్చుకు తిన్నది. గూగుల్‌లో ఒక లైను దొరికితే అతికించి ఇంటికి పోయే మనుషులను చూసి కుళ్లుకునేదాన్ని.

సారపాక దారిలో లారీలు తూచే ఒక కాటా కంప్యూటరుకు అప్‌డేట్ చేయడానికి ఇద్దరం వెళ్లాం. దాని యజమానికి అలాంటివి మూడు కాటాలున్నాయి, మూడింటి పనీ మా షాపుదే. జామాయిలు కర్ర లారీలు రోడ్డుదాకా నిలబడ్డాయి. డ్రైవర్లు కిటికీలో తలలు పెట్టి అరుస్తున్నారు, వెనక హారన్లు. నేను ఆమె నేర్పినట్టే పైకి చదవడం మొదలుపెట్టాను. "ఈ కింది ప్యాకేజీలు తీసివేయబడతాయి..." అని ఇంకా మొదటి పేరు దగ్గరే ఉన్నాను.

"అరే, జల్దీ!" అంటూ ఆపా నా భుజం మీదుగా చెయ్యి చాపి సరే అనే మీట నొక్కేసింది.

అంతే. లారీ బరువు చూపించే ప్రోగ్రామే పోయింది. తీసేసేవాటిలో అది మూడో పేరు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంకో రెండు వరసలు ఆగలేకపోయిందా ఈ మహాతల్లి!

యజమాని పరుగెత్తుకొచ్చాడు. కుర్చీలో ఉన్నది నేను, కీబోర్డు ముందు ఉన్నది నేను.

"ఈ పిల్లనే కదా ఖరాబు చేసింది? రేపటి సంది ఈమె మీ దగ్గర ఉంటే నా మూడు కాటాలు మీకుండయ్. ఆలోచించుకో ఆపా."

నేను నేల చూపులు చూస్తున్నాను. నాన్న మందులు గుర్తొచ్చాయి. ఆమె ఊరుకుంటే చాలు, నా పని అయిపోయినట్టే. ఆమె ఎదుటే అసలు సంగతి చెప్పేంత ధైర్యం నాకు లేదు.

"ఆమె చదువుతనే ఉన్నది," అంది ఆపా. "నొక్కింది నేను."

"ఆమెను కాపాడనీకి చెప్తున్నవ్."

"అరవయ్యేండ్లు మీద పడ్డయ్, అబద్ధమెందుకు చెప్త? నేనే నొక్కిన."

అతను నమ్మలేదు. మేము పాత లైబ్రరీని వెతికి తెచ్చి, బరువు ప్రోగ్రాము కోసం దాన్ని విడిగా ఒక చోట పెట్టి, మిగతా సిస్టమ్‌కు కొత్తది ఎక్కించి, లారీలు కదిలేటప్పటికి మధ్యాహ్నం దాటింది. అయినా ఆపా నన్ను తీసేయలేదని మూడు కాటాలూ మాకు పోయాయి. షాపు బతుకుతున్నదే వాటి మీద.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కృతజ్ఞతలు చెప్పబోయాను. నోరు తెరిచానో లేదో నా మీద విరుచుకుపడింది.

"నా చెయ్యి ఎందుకు పట్టుకోలే? రెండేండ్ల సంది ఏం నేర్పిన నీకు?"

"మీరు ఓనరు కదా ఆపా..."

"ఓనరైతే? ఓనరు తప్పు నొక్కితే మిషన్ ఊకుంటదా?"

భద్రాచలం చేరేదాకా తిట్టింది. అంత కోపంలో కూడా పోయిన కాటాల ఊసు మాత్రం ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆపా పోయి చాలాకాలమైంది. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది, దాని వెనకే దుఃఖం. ఇప్పుడు నా కింద ఏడుగురు పనిచేస్తున్నారు. మొన్న ఒక క్లయింటు ఫోన్‌లో "ఎవరు చేసిండ్రు ఈ పని? వాళ్లను తీసేయండి" అని కేకలేశాడు. ఎవరు చేశారో నాకింకా తెలియదు. నా నోరు మాత్రం "నేనే" అనేసింది.