ఇంట్లో రెండో డ్రైవరు

మా తమ్ముడు రేసు కార్లు నడిపేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మెడ కాస్త పైకి లేస్తుంది, దాచను. మరదలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం, "ఏముంది, వాడి వెంట తిరుగుతుంది" అనేదాన్ని. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

రేసు కారు దానంతటది పందేనికి వెళ్లదు. లారీలో ఎక్కించుకుని పోవాలి. పెళ్లయిన కొత్తలో లారీకి మనిషిని పెట్టుకునే స్తోమత లేక, మరదలే నేర్చుకుని పెద్ద బండ్ల లైసెన్సు తెచ్చుకుంది. అప్పట్నుంచి పన్నెండేళ్లూ లారీ నడిపింది ఆమే. దారంతా మావాడు పక్కసీట్లో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. పందేనికి ముందు విశ్రాంతి కావాలట!

ఈ ఏడాది సీజను మధ్యలో, వాడి కారు మీద పేరు రాయించుకుని ఖర్చులు భరించే టైర్ల కంపెనీ ఒక్క ఉత్తరంతో చేతులు దులుపుకుంది. జట్టు మూతపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే నెలలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. సొంత కారు అమ్మి, ఇద్దరు పిల్లలతో మేడ మీది రెండు గదుల్లోకి మారారు. లారీని మాత్రం ముసలిదని ఎవరూ కొనలేదు.

అప్పుడొచ్చాడొక పెద్దమనిషి. ఆదివారం పందెంలో తన కారు నడిపితే పెద్ద మొత్తం ఇస్తానన్నాడు. ఆ కారు ఒకసారి పల్టీకొట్టి నుజ్జయితే అతుకులేసి నిలబెట్టారు. అప్పుడు నడిపినవాడు ఇంకా కర్రల సాయంతోనే నడుస్తున్నాడు. తమ్ముడు శనివారం చెబుతానన్నాడు. నాకు అన్నం సహించలేదు.

"ఒరేయ్, ఆ చావుబండి ఎక్కకురా. బస్సు నడుపుకో," అన్నాను.

"నేను బస్సు నడపడమేంటక్కా?"

"బస్సేం పాపం చేసింది? నువ్వెప్పుడైనా ఇంకొకణ్ని ఎక్కించుకున్నావా?"

చివరికి ఒప్పుకున్నాడు. బస్సు డిపోలో ముందు మనిషి నడిపే తీరు చూసి, నచ్చితే లైసెన్సు వాళ్లే ఇప్పిస్తారట. శుక్రవారం ముగ్గురం లారీలోనే వెళ్లాం. మరదలు అద్దాల్లో చూసుకుంటూ లారీని వెనక్కి నడిపి, రెండు బస్సుల మధ్య సందులో పెట్టి, "దిగండి" అంది. డిపో మేనేజరు టీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉన్నాడు. నేను మొక్కులు మొక్కుకునే హడావిడిలో ఉన్నాను.

తమ్ముడు ఖాళీ బస్సెక్కాడు. మేనేజరు గ్లాసుతో సహా వెనక సీట్లో కూర్చున్నాడు. పందెంవాళ్లు మలుపు వస్తే బయటి అంచుకు పోయి, లోపలి అంచును రాసుకుంటూ కోసుకుపోతారు. మావాడు అంత పొడవు బస్సునీ అలాగే కోశాడు. వెనక చక్రాలు అరుగెక్కాయి. పరీక్ష కోసం వరసగా పెట్టిన డబ్బాలు మూడు ఎగిరిపడ్డాయి. టీ మేనేజరు చొక్కా మీదికొచ్చింది.

"బాబూ, నీ వెనక ఇంకా చాలా బస్సుంది. మర్చిపోయావా?" అన్నాడాయన తుడుచుకుంటూ.

తమ్ముడు తల దించుకుని దిగాడు. "ఇక ఆదివారం వెళ్లక తప్పదక్కా," అన్నాడు మెల్లగా. ముగ్గురం లారీ వైపు నడిచాం.

మేనేజరు మా వెనకే వచ్చి లారీ చూపించాడు. "ఇందాక దీన్ని ఇక్కడ పెట్టిందెవరు?"

"నేనేనండి. అడ్డమైతే తీసేస్తాను," అంది మరదలు కంగారుగా.

"లైసెన్సుందా?"

"పన్నెండేళ్ల నుంచీ ఉందండి."

"మరి ఆయన్ని ఎందుకు తీసుకొచ్చారమ్మా?"

ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇంట్లో డ్రైవరంటే ఒక్కడేనని నేనూ, వాడూ, చివరికి ఆమె కూడా నమ్ముకుని కూర్చున్నాం!

ఆమె బస్సెక్కింది. మేనేజరు ఇంకో టీ తెప్పించుకుని మరీ ఎక్కాడు. మలుపులన్నీ అయ్యాక తీరిగ్గా తాగుతూ దిగి, "సోమవారం నుంచి వచ్చేయండి" అన్నాడు. తమ్ముడు అక్కడే నిలబడి ఆ కారు పెద్దమనిషికి ఫోన్ చేసి, రానని చెప్పేశాడు. నేను లారీ మెట్టు మీద కూలబడి సంతోషంతో భోరున ఏడ్చాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ అర్ధమొగుడి ముక్కు తుడిచి, "ఊరుకో వదినా, లారీ ఎక్కు" అంది మరదలు.

సోమవారం సాయంత్రం ఆమె రావాల్సిన వేళ దాటి ఇరవై నిమిషాలైంది. తమ్ముడు గుమ్మంలోంచి మెట్ల దాకా, మెట్ల నుంచి గుమ్మం దాకా తిరుగుతూనే ఉన్నాడు.

"రోడ్డు మీద జనం అడ్డదిడ్డంగా నడుపుతారక్కా," అన్నాడు. ఈ మాట ఎవరంటున్నారో చూడండి! నవ్వొచ్చింది గానీ వాడి మొహం చూసి ఆపుకున్నాను.

ఆమె మెట్లెక్కి వచ్చి చెప్పులు విడిచింది. "చివరి ట్రిప్పులో ఒకావిడ సంచి మర్చిపోయింది. ఇచ్చేసి వచ్చేసరికి ఆలస్యమైంది."

"ఇరవై నిమిషాలకే నా ప్రాణం పోయింది," అన్నాడు తమ్ముడు మంచినీళ్లు ఇస్తూ. "నేను పందెంలో ఉన్నప్పుడు, పన్నెండేళ్లు నువ్వెలా ఉన్నావే?"

ఆమె నీళ్లన్నీ తాగింది.

"ఇలాగేనండీ," అంది.

వాడు ఖాళీ గ్లాసు అందుకుని మళ్లీ నింపాడు.