బుట్ట అల్లనన్న పెద్దయ్య

బి.ఎస్సీ. అయ్యాక బొంబాయి వెళ్ళి ఆక్యుపేషనల్ థెరపీ చదువుతానంటే, అది డాక్టరు చదువో నర్సు చదువో మా నాన్నకు అంతుపట్టలేదు. అల్లూరులో బడిపంతులాయన, తెలియదని ఒప్పుకునే అలవాటు లేదు. ఆదివారం చర్చి దగ్గర ఎవరడిగినా "డాక్టరు చదువులో అదొక రకం" అనేసి ముందుకు నడిచేవాడు. సెలవులకు వచ్చినప్పుడు అమ్మ నా పెట్టె తెరిచి, అందులోని పేము బద్దలు బయటికి తీసి, "బుట్టలల్లేదానికి బొంబాయి దాకా పోవాల్నా మ్మే?" అని పడీపడీ నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. చచ్చుబడ్డ చేతికి పని చెప్పి, ఆ పనితోనే దాన్ని మళ్ళీ లేపడం మా చదువు. అల్లిక అందులో ఒక సాధనం మాత్రమే. ఈ ముక్క ఇంట్లో అర్థమయ్యేలా చెప్పడం శరీరశాస్త్రం పరీక్ష కంటే కష్టమయింది.

అరవైల మొదట్లో నా ఆఖరి శిక్షణ మా జిల్లాలోనే, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పడింది. ఆరు వారాలు, ఒకే రోగి. చివరి రోజున బొంబాయి నుంచి మా టీచరమ్మ వచ్చి చూస్తుంది. ఆ రోగి తన కుడిచేత్తో తానే అన్నం తినాలి. తినకపోతే నాకు డిప్లొమా లేదు, వచ్చే విడత దాకా బొంబాయిలో ఆగి ఆ శిక్షణ మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఇంకో ఆరు నెలలు బొంబాయి అంటే నాన్న పంపడని నాకు తెలుసు.

నాకిచ్చిన రోగి దొరవారిసత్రం వైపు రైతు, అరవై ఏళ్ళాయన. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది కానీ చెయ్యి రాలేదు. భార్య ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే వార్డులో ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి తినేవాడు. ఎడమచేత్తో తినమనే మాట ఆయన దగ్గర ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

మొదటి రోజే నేను పేము బద్దలు నానబెట్టి, సగం అల్లిన బుట్ట ఒకటి ఆయన ఒళ్ళో పెట్టాను. బొంబాయి వార్డుల్లో అలాగే పెట్టేవాళ్ళం, అక్కడెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఈయన బుట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఎడమచేత్తో దాన్ని వసారాలోకి విసిరేశాడు.

"మా ఇంట్లో బుట్టలల్లినోళ్ళు ఎవురూ లేరు. చెయ్యి పడిపోయింది గానీ నా కులం పడిపోలా!"

నాకూ కోపం వచ్చింది. "ఆ బుట్టలు లేకుండానే మీ వడ్లు ఇంటికొచ్చినాయా పెద్దయ్యా?" అని అనేశాను. ఆయన గోడవైపు తిరిగాడు. పది రోజులపాటు నాతో మాట్లాడలేదు. అన్నది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. కానీ నేనూ ఈ జిల్లాలోనే పుట్టిన పిల్లనే, ఏ ఇంటి చేతిలో ఏ పని పెట్టకూడదో చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. బొంబాయి పుస్తకం చేతికి రాగానే అదంతా మరిచిపోయాను. రైతు చేతికి రైతు పని ఇవ్వాలన్న ఇంగితం లేకపోయినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

పదకొండో రోజు ఆసుపత్రి ఆవులకు బండెడు వరిగడ్డి వచ్చింది. పశువుల మనిషి వామి వేసి, దాన్ని బిగించడానికి గడ్డితాడు పేనుతున్నాడు. వసారాలో కూర్చున్న పెద్దయ్య ఉన్నట్టుండి అరిచాడు.

"ఒరే, తడపకుండా పేనితే నిలస్తాదంట్రా? పుటుక్కున తెగతాది!"

అరుస్తూ ఉండగా తొడ మీదున్న ఆయన కుడి బొటనవేలు కదిలింది. నేను పరుగున వెళ్ళి గుప్పెడు గడ్డి నీళ్ళలో ముంచి తెచ్చాను. "నాకు చేతకాదు, మీరే చూపించండి" అన్నాను. నిజంగానే చేతకాదు.

మొదట్లో కుడిచెయ్యి తొడ మీద ఊరికే పడి ఉండేది, ఎడమ అరచెయ్యే దాని మీద గడ్డిని దొర్లించేది. వారం తిరిగేసరికి కుడి అరచెయ్యి కింద నుంచి ఎదురు నొక్కింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిసి కొత్త పరకను అందుకున్నాయి. ముద్ద కలపాల్సింది కూడా ఆ వేళ్ళే! నాకు ఆ పూట ఆకలి వెయ్యలేదు. నేను పేనిన తాడు చూసి మాత్రం ఆయన, "ఇది పిల్లి తోకకు కట్టు" అనేవాడు. నాలుగో వారంలో మొదటి ముద్ద ఒళ్ళో పడింది, రెండోది గడ్డానికి తగిలింది. భార్య చెయ్యి చాపితే, "ఉండు మ్మే" అని కసిరాడు.

టీచరమ్మ వచ్చేది నా పరీక్షకేనని పెద్దయ్యకూ తెలుసు. ఆ రోజు జాగ్రత్త కోసం మెత్తగా పప్పన్నం పెట్టమని ఆయన భార్యకు చెప్పి ఉంచాను. తీరా చూస్తే ఆకులో మొలగొలుకుల బియ్యం అన్నం, దాని పక్కన ముళ్ళ చేపల పులుసు.

"పప్పు గదా చెప్పింది?" అని ఆయన భార్యతో గొణిగాను.

"పప్పు పసిబిడ్డలు తింటారు. నేను చేపలు చెయ్యమన్నా," అన్నాడు పెద్దయ్య.

టీచరమ్మకు తెలుగు రాదు. పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, ఆయన చేతినే చూస్తోంది. ఆయన గోడవైపు తిరగలేదు. వార్డంతటికీ ఎదురుగా కూర్చుని అన్నం కలిపాడు. చెయ్యి వణికింది కానీ ముద్ద నోటికి చేరింది. మూడో ముద్దలో ముల్లు తగిలింది. నమలడం ఆపాడు. కుడి బొటనవేలితో, చూపుడువేలితో నోట్లోంచి వెంట్రుకంత ముల్లు తీసి, ఆకు అంచున పెట్టి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

నాకు కళ్ళు మసకబారాయి. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దయ్య మా ఇద్దరినీ చూసి చిరాకు పడ్డాడు.

"ఏడస్తా ఉండావేంది అమ్మణ్ణీ? పాసయినావు గదా!"

"ఏమంటున్నారు?" అని టీచరమ్మ ఇంగ్లీషులో అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక్క మాట రాసి పుస్తకం నా వైపు తిప్పింది. పెద్దయ్య చెప్పిన మాటే.