కొండ అవతలి వాన

ఎత్తు కొండల మీద కురిసే వాన అఫార్ పల్లానికి ఏటి నీరుగా వచ్చి పోవడమే తప్ప నేలను తడపదు. ఇక్కడి వాన ముక్కలుగా పడుతుంది. ఒక లోయ తడిస్తే పక్క లోయలో దుమ్ము లేస్తుంది. అందుకే మంద కదిలేముందు ఎవరో ఒకరు నడిచి వెళ్లి, మన్ను తవ్వి, తడి ఎంత లోతుందో చూసి రావాలి. ముప్ఫై గుడిసెలకు ఆ పని యాయోది.

ఇద్దరు దారిలో ఎదురైతే కూర్చుని కబురు ఇచ్చిపుచ్చుకోకుండా కదలరు. ఆ కబురులో చూసింది వేరు, విన్నది వేరు. విన్నదాన్ని చూశానన్నవాడి మాట మళ్లీ ఎవరూ తీసుకోరు.

వసంతంలో పడాల్సిన సుగుమ్ వానలు మొహం చాటేసిన ఏడాది యాయో నాలుగు రోజులు పడమటికి నడిచాడు. నల్లరాళ్ల మీద మడమ చీలి ఇక అడుగు పడలేదు. ఉప్పు అమ్ముకుని తిరిగొస్తున్న ఒంటెలాయన కూర్చుని చెప్పాడు, ఎదురుగా ఉన్న కొండ అవతల గట్టి వాన పడిందని, గడ్డి మొలవడం కళ్లారా చూశానని. యాయో అక్కణ్ణుంచే వెనుదిరిగాడు.

విన్నానంటే పెద్దలు మరో మనిషిని పంపుతారు. మరో తొమ్మిది రోజులు. మేకలు అన్నాళ్లు ఆగవు. పెద్దాయన కడాఫో అడిగినప్పుడు యాయో చూశాననే అన్నాడు.

మంద కదిలింది. గడ్డి మొలిచిన మాట నిజమే. కానీ వాన రాతి మీద జారిపోయింది, మన్నులోకి వేలెడు కూడా దిగలేదు. మొలిచింది మొలిచినట్టే ఎండిపోయి ఉంది. తిరుగుదారిలో సగం మేకలు, కడాఫో పాడి ఒంటెలు మూడూ పడిపోయాయి.

ఎవరూ తప్పు పట్టలేదు. యాయో మోయలేకపోయింది దాన్నే. కడాఫో భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చూసినప్పుడు పచ్చగానే ఉంది అల్లుడూ, ఎండ తినేసింది. నీదేం తప్పు?" అన్నాడు.

భార్య దోహ్రాకు మాత్రం ఆ మడమ సంగతి తెలుసు. కట్టు కట్టింది తనే. "ఈ కాలుతో కొండ ఎక్కావా? మేకపోతు కూడా నమ్మదు," అంది. అంతే, ఎవరికీ చెప్పలేదు. చెప్పమనీ అనలేదు.

మంద తిరిగొచ్చిన మూడో పొద్దున అతను పెద్దల ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"మావా, నేను చూళ్లేదు. విన్నాను."

కడాఫో ముందున్న మన్నును వేలితో గీకాడు. "తవ్వి చూస్తే తెలిసేది," అన్నాడు.

"తెలిసేది."

ఆనాటి నుంచి యాయో కబురు ఎవరూ తీసుకోలేదు. దారిలో ఎదురైనవాళ్లు క్షేమం అడిగి లేచిపోయేవారు. పని దోహ్రా అన్న హుమ్మద్‌కు పోయింది. యాయో నీళ్లతిత్తి మోస్తూ అతని వెంట నడిచేవాడు. తవ్వేది ఇద్దరు, చెప్పేది ఒక్కరు.

అలా నడుస్తున్న తొమ్మిదో ఏడాది హుమ్మద్ జ్వరంతో దారిలో చుట్టాల గుడిసెలో ఉండిపోయాడు. యాయో ఒక్కడే ముందుకు పోయి ఒక్కడే తిరిగొచ్చాడు. మేకలు అప్పటికే చిక్కి ఉన్నాయి. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ముసలి కడాఫో పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు.

"కూర్చో. చెప్పు."

"రెండు లోయలు తవ్వాను. మోచేతి లోతు దాకా పొడి మన్నే. మూడోదాంట్లో వాన పడిందని విన్నాను. పోలేకపోయాను. అక్కడి సంగతి నాకు తెలీదు."

తెలీదని చెప్పడానికా ఇంత దూరం పోయిందని ఎవరో గొణిగారు. కడాఫో చెయ్యెత్తి ఆపి, మూడో లోయకు మరో మనిషిని పిలిపించాడు. ఎక్కడిదాకా తవ్వాడో యాయోనే అడిగి తెలుసుకుని, అక్కణ్ణుంచి మొదలుపెట్టమన్నాడు.

వచ్చినవాడు కబురు కోసం యాయో ఎదుట కూర్చున్నాడు.