నన్ను అడగొద్దన్న ఫైలు

సార్ పోయారని పొద్దున్నే మేడమ్ ఫోన్ చేసి చెప్పారు. మేడమ్ అంటే సార్ భార్య. ఆమె ఏడవలేదు. "నిద్రలోనే పోయినాడు పాపా. కాఫీకి లేపితే లేయలేదు" అన్నారు. ఆ నిమిషంలో నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఊరట. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు కర్నూలు ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద ఆయన్ని చూసినవాళ్లెవరికైనా ఇంక ఆ సూదులు లేవన్న మాట ఊరటే. కానీ నా ఊరట అది ఒక్కటే కాదు. ఆయన పోవడానికి పది రోజుల ముందే మా ఇద్దరి మధ్య పడిన ఒక ముడి విడిపోయింది. అది విడిపోకుండానే ఆయన వెళ్లిపోయి ఉంటే నేను ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు. గురువు పోతే ఊరటేమిటని మీరు నన్ను తిట్టుకోకముందే ఆ సంగతి చెప్పేస్తాను.

సార్ కర్నూలులో ఆడిటర్. ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో భూములున్న కుటుంబం వాళ్లది. నాది కోసిగి పక్కన చిన్న ఊరు. మా అమ్మానాన్నలు ఏటా ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోయేవాళ్లు. నేను చర్చి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. సీఏ చదువులో మొదటి మెట్టు దాటి, శిక్షణకు చేర్చుకోమని అడగడానికి సార్ ఆఫీసుకు వెళ్లిన రోజు మార్కుల కాగితాలు చూపించబోతే ఆయన వాటిని పక్కన పెట్టేశారు. వానలు రాని ఏడు మీ ఊళ్లో జనం ఎట్లా బతుకుతారని అడిగారు. వలస పోతారని చెప్పాను. ఎవరు తీసుకుపోతారు, కూలి ఎవరు తేలుస్తారు, ఏ ఇంటివాళ్లను ఏ ఊరికి పంపాలో ఎవరి ఇష్టం అని ఒకదాని వెనక ఒకటి అడిగారు. అన్నిటికీ మేస్త్రీ అనే చెప్పాను.

"ఆ మేస్త్రీ అన్యాయంగా మాట్లాడితే, కాదప్పా అనేవాళ్లు మీ ఊళ్లో ఎవరన్నా ఉండారా?"

ఎంత ఆలోచించినా ఒక్కరూ గుర్తుకు రాలేదు. లేరని చెప్పాను.

"అయితే నీకు ఆడిట్ సగం వచ్చినట్టే పాపా. మిగతా సగం పుస్తకాల్లో ఉండాది, అది ఎవరైనా చదువుతారు" అన్నారు. పని లేదు పొమ్మనడానికి తియ్యగా చెబుతున్నారేమో అనుకున్నాను. మరుసటి రోజు నుంచే రమ్మన్నారు.

పనికి పోయిన చోట మొదటి రోజు ఆయన లెక్కల పుస్తకం తెరిచేవారు కాదు, మమ్మల్నీ తెరవనిచ్చేవారు కాదు. గేటు బయట టీకొట్టు ఉంటే అక్కడ కూర్చునేవారు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగడం ఆయన అలవాటు. ఆ సాసరు ఖాళీ అయ్యేలోపు, ఈ వ్యాపారం దేని మీద నిలబడి ఉందో నేను చెప్పాలి. ఎర్రగుంట్ల దగ్గర ఒక లారీల యజమాని లెక్కలు చూడ్డానికి పోయినప్పుడు, ఆయనకు బోలెడు లారీలున్నాయనీ, అప్పులన్నీ సమయానికి కడుతున్నాడనీ గొప్పగా చెప్పాను. సార్ లారీల మీది దుమ్ము చూడమన్నారు. అన్నిటి మీదా ఒకటే బూడిదరంగు దుమ్ము. ఉన్న లారీలన్నీ ఒకే సిమెంటు ఫ్యాక్టరీకి తిరుగుతున్నాయి. "ఆ ఒక్క గేటు మూస్తే ఇయన్నీ యాడ నిలబెడతాడు?" అన్నారు. లెక్కలన్నీ సరిగా ఉన్నా ప్రమాదం ఉండొచ్చని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

మా చదువులో దాన్ని రిస్క్ అంటారు. దాన్ని అంచనా వేయడానికి పేజీలకు పేజీలు పట్టికలుంటాయి. మేము అవన్నీ నింపేవాళ్లం, సార్ సంతకం పెట్టేవారు. కానీ ఆయన నోట రిస్క్ అన్న మాట నేను వినలేదు. భయం అనేవారు. ప్రతి ఫైలు అట్ట మీదా పెన్సిల్‌తో "ఈడ భయం ఏంది?" అని ఆయనే రాసేవారు. దాని కింద మేము జవాబు రాయాలి. దుమ్ము ఒకటే రంగు అని నేనూ ఒక జవాబు రాశాను. ఏ భయమూ లేదని రాస్తే ఫైలు తిరిగి మా బల్ల మీదికే వచ్చేది. యజమాని ఎట్లా సంపాదిస్తాడో తెలిస్తే తప్పు యాడ జరగొచ్చో తెలుస్తాదనీ, ఆయన్ని అడ్డుకునేవాళ్లు ఎవరో తెలిస్తే ఆ తప్పు ఎంత దూరం పోతాదో తెలుస్తాదనీ చెప్పేవారు. ఇంత చిన్న మాటకు అంత లావు పుస్తకాలు ఎందుకు రాశారో అని నేను విసుక్కుంటే నవ్వేవారు. ఆయనకు నవ్వు తొందరగా వచ్చేది, కోపం అంతకంటే తొందరగా వచ్చేది. అరిచిన పది నిమిషాలకు తన టిఫిన్ డబ్బాలోంచి ఒక చెనిక్కాయల బెల్లం ఉండ నా బల్ల మీద పెట్టి పోయేవారు. క్షమించమని నోటితో చెప్పడం ఆయనకు రాదు.

నేను సీఏ అయ్యాక ఆఫీసులో నన్ను భాగస్వామిని చేసుకున్నారు. మూత్రపిండాలు చెడి ఆసుపత్రి పాలయ్యాక ఒక్కొక్క ఫైలే నాకు అప్పగించారు. అన్నిటి మీదా సలహాలు చెప్పారు. ఒక్క ఫైలు ఇచ్చేటప్పుడు మాత్రం, "ఇది నువ్వే చూసుకో. నన్ను అడగొద్దు" అన్నారు. అది పత్తి విత్తనాల కంపెనీ. దాని యజమాని మేడమ్‌కు సొంత తమ్ముడు. బావమరిది కంపెనీకి ఆడిట్ చేయడాన్ని చట్టం తప్పు పట్టదు. ఏళ్ల తరబడి ఆ కంపెనీకి సార్ సంతకమే. నా మీద నమ్మకంతో ఇచ్చారని నేను పొంగిపోయాను.

విత్తనాల వ్యాపారం తీరు వేరు. మార్చిలోనే ప్యాకెట్లు ఊరూరా దుకాణాలకు పోతాయి. వానలు పడితే రైతులు కొంటారు. పడకపోతే మిగిలిన ప్యాకెట్లన్నీ తిరిగి కంపెనీకే వస్తాయి. అంటే వాన పడేదాకా ఏదీ అమ్ముడైనట్టు కాదు. ఈ కంపెనీ మాత్రం లారీ ఎక్కించిన రోజే అమ్మేసినట్టు రాసుకుంది. ఆ ఏడు మా వైపు ఒక్క పదును వాన కూడా పడలేదని నాకు ఏ కాగితమూ చెప్పనక్కర్లేదు. ఊరు అప్పుడే సగం ఖాళీ అయిందని మా అమ్మ ఫోన్లో చెప్పింది. జనమే లేని ఊళ్లో విత్తనాలు ఎవరు కొన్నారు? కోసిగి పోయి దుకాణాల్లో అడిగాను. ప్యాకెట్లు ఎప్పుడో తిప్పి పంపామన్నారు. అవి కంపెనీ గోదాములో లేవు. వాకబు చేస్తే యజమాని మామగారి రేకుల షెడ్డులో బయటపడ్డాయి.

ఇంక అడ్డుకునేవాళ్లెవరని చూద్దామని డైరెక్టర్ల సమావేశాల పుస్తకం తీశాను. యజమాని, ఆయన భార్య, ఆయన మామ. అంతే. అందులో ఒక సమావేశం కర్నూలు ఆఫీసులో పొద్దున పదకొండు గంటలకు ముగ్గురూ కూర్చుని జరిపినట్టు ఉంది. ఆ రోజు పదకొండు గంటలకు కడపలో వాళ్ల ఇంటి పెళ్లి. నేనూ పోయాను. ఆయన నా చేతిలో అక్షింతలు పోశారు, ఆయన మామ నన్ను భోజనాల వరస దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టారు. ఆ పేజీ చూసి మొదట నవ్వొచ్చింది, తర్వాత దాన్ని జిరాక్సు తీసి ఫైల్లో పెట్టాను.

లెక్కలు దిద్దమని యజమానిని బతిమాలాను. ఆయన వినలేదు. "మా బావ అయితే ఇంత దూరం తెచ్చేవాడు కాదమ్మా. ఒక వాన పడితే అన్నీ సర్దుకుంటాయని ఆయనకు తెలుసు" అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. వలస కూలీల బిడ్డను పిలిచి పక్కన కుర్చీ వేసిన మనిషి ఇంటివాళ్ల మీదే నేను కలం ఎత్తాలి. వెళ్లి సార్‌ను అడుగుదామని రెండుసార్లు ఆసుపత్రి దాకా పోయి, అడగొద్దన్నారు కదా అని వెనక్కి వచ్చాను. చివరికి ఈ అమ్మకాలనూ, ఈ లాభాన్నీ నేను ఒప్పుకోవడం లేదని నివేదికలో రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత సార్ ఇంటికి పోవడానికి మొహం చెల్లలేదు. నలభై రోజులు పోలేదు. ఆయన నాతో మాట్లాడకుండానే పోతారేమో అన్న దిగులు పట్టుకుంది. ఆదివారం చర్చిలో మోకరించి కూడా, నేను చేసింది సరైనదని చెప్పమని కాదు, ఆయన కోపంతో పోకుండా చూడమని అడిగాను. అలాంటప్పుడు మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది. సార్ రమ్మంటున్నారని మాత్రం చెప్పారు.

పోయేసరికి సార్ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. సగమైపోయారు. నేను కుర్చీ అంచున కూర్చుని, చెప్పకుండా చేశాననీ, మేడమ్ తమ్ముడికి కష్టం కలిగిందనీ ఏదేదో మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"వాడు నాకు బావమరిది పాపా. ఊరందరినీ కాదనేవాడు ఎవడప్పా అని అడుగుతా తిరిగినా. ఆ కంపెనీలో కాదనాల్సినోణ్ణి నేనే. నా నోట్లోంచి ఒక్క ఏడన్నా ఆ మాట రాలేదు. వానలు పడినాయి గాబట్టి బయటపడినా, అంతే."

మరి నన్ను అడగొద్దని ఎందుకన్నారని మెల్లగా అడిగాను.

"నువ్వు అడిగింటే, పెట్టు సంతకం అనేవాణ్ణి."

ఆ మాట చెప్పి, కళ్లలోకి వచ్చిన నీళ్లను ఆయన తుడుచుకోలేదు, దాచుకోలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. నలభై రోజులు ఏ తప్పు చేశానని కుమిలిపోయానో, ఆయన ఆ పని కోసమే నన్ను ఏరుకున్నారు. తన వల్ల కాదని తెలిసి, అయ్యేవాళ్ల చేతిలో పెట్టారు. అది చెప్పకుండా పోతానేమో అని ఆయనకూ అంతే దిగులు ఉందట. ఆ సంగతి మేడమే చెప్పారు. తమ్ముడు మొదట కొన్నాళ్లు ఈ గడప తొక్కలేదనీ, నివేదిక చూసి బ్యాంకువాళ్లు ఇచ్చే అప్పు తగ్గించాక ఒక ప్లాటు అమ్మి, కంపెనీకి విత్తనం పండించి ఇచ్చిన రైతులందరి బాకీలూ తీర్చేశాడనీ, ఇప్పుడు వస్తూ పోతూ ఉన్నాడనీ చెప్పారు. "ఇంకొక ఏడు అట్లే పోయింటే వాడు మునిగి ఆ రైతులనూ ముంచేవాడు. వానికీ తెల్సులే" అన్నారు. ఆమె గొంతులో నా మీద రవ్వంత కూడా నిష్ఠూరం లేదు.

తర్వాత సార్ బొరుగుల ఉగ్గాని అడిగారు. ఉప్పు లేకుండా చేసింది నాలుగు ముద్దలు తిని, బాగలేదని మొహం చిట్లించి, పక్కకు తిరిగి పడుకున్నారు. చూస్తుండగానే గురక మొదలైంది. చిన్నది కాదు, గోడలు అదిరేంత. మేడమ్ నా వైపు చూసి, మందు బిళ్ల లేకుండా ఈ మనిషి నిద్రపోయి ఎన్ని నెలలైందో అని గుసగుసగా అన్నారు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఆయన కాళ్ల మీద పడుతోంది. తెర లాగాలంటే లేవాలి. ఎంగిలి ప్లేటు ఆమె ఒళ్లో ఉంది, నీళ్ల గ్లాసు నా చేతిలో ఉంది. చప్పుడైతే లేస్తారని, ఇద్దరం కదలకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాం.