అర మగ్గు నీళ్లు

లడఖ్‌లో ఆ ఆర్మీ పోస్టుకు నేను చేరింది మధ్యాహ్నం రెండుంపావుకు. పదహారు వేల అడుగుల ఎత్తు. ఒక బంకరు, ఒక కిరోసిన్ స్టవ్వు, ఐదుగురు మనుషులు, మూడు మగ్గులు. నీళ్లంటే మంచే. ఒక డబ్బా మంచు కరగడానికి నలభై నిమిషాలు పట్టేది.

వైర్‌లెస్ ఆపరేటరుది జమ్మలమడుగు. మాదీ కడప జిల్లానే, వేముల పక్కన పల్లె. అంత దూరంలో మన మాట వినపడితే ప్రాణం లేచొచ్చింది. అయినా నేను మొదట అడిగింది ఇంటిపేరు. తర్వాత, "జమ్మలమడుగులో యాడ?"

"చర్చి కాడప్పా. మా తాతల కాలం నుంచీ ఆడనే."

కులం అర్థమైంది. ఇంకేమీ అడగలేదు.

మూడో వారం నాకు ఊపిరి అందలేదు. మంచు తుపాను, హెలికాప్టరు రాలేదు. రెండు రోజులు ఆపరేటరే చెంచాతో గంజి పోశాడు. గంటకోసారి నా పెదాలు చూసి కింది క్యాంపుకు రేడియోలో చెప్పేవాడు: "నీలం తగ్గింది. ఓవర్." ఆ గొంతు వింటూ బతికాను.

లేచి తిరుగుతున్న నాలుగో రోజు, స్టవ్వు ముందు కూర్చుని అన్నాడు.

"అప్పా, రోజూ అర మగ్గు నీళ్లు పారబోస్తాండావు."

"నేనా? యాడ?"

"నేను తాగిన మగ్గు కడిగి తాగుతాండావు. గన్నర్ తాగింది కడగవు."

గన్నర్ పంజాబీ. నాకేమీ కాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగా నాకు తెలియదు.

"కావాలని చేయవులే. కిరోసిన్ శానా తక్కువుంది, అందుకని చెప్పినా," అన్నాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో కూలోళ్ల గ్లాసు చూరులో దోపి ఉండేది. దించి ఇచ్చే పని నాదే. ఎందుకు వేరే గ్లాసని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ పోస్టులో మిగిలిన రెండు నెలలూ నా చేతికి నేనే కాపలా కాశాను. ఆ అలవాటు ఇక పోయిందనుకున్నాను.

రిటైరై ఊరొచ్చాక, తన కూతురి పెళ్లి కార్డు పట్టుకుని ఆపరేటరు మా ఇంటికి వచ్చాడు. నన్ను బతికించిన మనిషని అమ్మకు చెప్పాను. అమ్మ సంతోషపడింది. తర్వాత అడిగింది, "జమ్మలమడుగులో యాడ నాయనా?"

"చర్చి కాడమ్మా."

లోపల వంటింట్లో నా ఎనిమిదేళ్ల కూతురు అంతా వింటోంది. కాసేపటికి పళ్లెంలో కాఫీ తెచ్చింది. నాకు స్టీలు గ్లాసు, అతనికి పేపరు గ్లాసు. ఏది ఎవరికో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

నా గ్లాసు అతనికిచ్చి ఆ పేపరు గ్లాసు నేను అందుకుంటే సరిపోయేది. అమ్మ చూస్తోంది. నా చెయ్యి లేవలేదు.

అతను మెల్లగా తాగాడు. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలా అని ఒకసారి చుట్టూ చూశాడు. పెట్టలేదు. అరచేతిలో నొక్కి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పోయొస్తానప్పా."

పెళ్లికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. పోస్టులో చలి ఎలా ఉండేదో కూడా ఇప్పుడు సరిగా గుర్తు రాదు. గుర్తున్నది ఒకటే: ఆ రోజు అతను వేంపల్లె ఆటో ఎక్కుతుంటే, తెల్లచొక్కా జేబు మీద కాఫీ మరక కిందికి దిగుతోంది.